జేబులో పట్టే కెమెరానా, లెన్సు మార్చే కెమెరానా? సిరిమాను జాతర నుంచి తేలినీలాపురం పక్షుల దాకా ఏది మేలు?

కౌంటరు మీద జేబులో పట్టే ఒక బుల్లి కాంపాక్టునీ, కొత్తవాళ్ల కోసం చేసిన, లెన్సు మార్చే మిర్రర్‌లెస్‌నీ పక్కపక్కన పెట్టి ఏది తీసుకోమంటారని అడగండి. షాపాయన వేలు రెండోదాని మీదకే వెళ్తుంది. సెన్సర్ (వెలుగుని బొమ్మగా మార్చే పలక) పెద్దది కాబట్టి బొమ్మ బాగా వస్తుందంటాడు. అది సగం నిజం. మిగతా సగం లెన్సులో ఉంది. డబ్బాలో కెమెరాతోపాటు వచ్చే కిట్ లెన్సు ఎంత వెలుగు లోపలికి రానిస్తుందో బిల్లు కట్టేముందు ఎవరూ చెప్పరు.

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. కాంపాక్ట్ అంటే ఒకటే రకం కాదు. కానన్ ఇక్సస్ 285 లాంటివి 147 గ్రాములుంటాయి, చొక్కా జేబులో పడిపోతాయి. వాటి సెన్సర్ సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు, చిటికెన వేలి గోరుకన్నా చిన్నది. కానన్ జీ7ఎక్స్ మార్క్ 3, సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 లాంటివి 300 గ్రాముల చిల్లర తూగుతాయి, ప్యాంటు జేబులో పడతాయి. వీటి సెన్సర్‌ని 'ఒక అంగుళం' అంటారు గానీ అసలు కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లే. ఇక కానన్ ఆర్50 మిర్రర్‌లెస్‌లో ఉన్నది 22.3 × 14.9 మిల్లీమీటర్ల సెన్సర్, ఈ సైజుని ఏపీఎస్-సీ అంటారు. బ్యాటరీ, కార్డుతో బాడీ 375 గ్రాములు, 18-45 కిట్ లెన్సు 130 గ్రాములు. అర కేజీ అన్నమాట. జేబు మాట మర్చిపోవాలి, మెడకో భుజానికో వేలాడాల్సిందే.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పేది ఎఫ్ అంకె, అది చిన్నదైతే వెలుగు ఎక్కువ. సెన్సర్ వైశాల్యాన్ని ఆ ఎఫ్ అంకె వర్గంతో భాగిస్తే, ఒకే షట్టర్ వేగంలో (అంటే వెలుగుని లోపలికి వదిలే సమయం ఒకటే అయితే) కెమెరా మొత్తం ఎంత వెలుగు పోగేస్తుందో పోల్చుకోవచ్చు. జూమ్ చేయకుండా చూస్తే ఇక్సస్ 285 (ఎఫ్ 3.6) కి 2 వస్తుంది. ఆర్50 కిట్ లెన్సుతో (ఎఫ్ 4.5) 16 వస్తుంది. జీ7ఎక్స్ (ఎఫ్ 1.8) కి 36! సెన్సర్ మూడో వంతే అయినా లెన్సు కన్ను పెద్దది కాబట్టి, జేబులో పట్టే కెమెరా కిట్ మిర్రర్‌లెస్ కన్నా రెట్టింపు వెలుగు తాగుతోంది. జూమ్ చివరకి వెళ్లినా జీ7ఎక్స్ 15 దగ్గరుంటే, కిట్ లెన్సు ఎఫ్ 6.3 కి దిగజారి 8 దగ్గర ఆగుతుంది.

అదే ఆర్50 కి 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్సు తగిలించండి. అంకె 102 కి ఎగబాకుతుంది.

మొత్తం పోటీ ఇక్కడే తేలిపోతోంది. రెండో లెన్సు కొనే ఉద్దేశం లేనివాళ్లకి మిర్రర్‌లెస్ దండగ. కొనే ఉద్దేశం ఉంటే కాంపాక్ట్ దాని దరిదాపుల్లోకి రాలేదు. ఇక ఇక్సస్ తరగతి కెమెరాలు జూమ్‌కి తప్ప దేనికీ పనికిరావు. మామూలు వెలుగులో మీ చేతిలో ఫోనే వాటికన్నా మంచి బొమ్మ తీస్తుంది. పాత డిజిటల్ కెమెరా రంగుల మోజుతో కొనేవాళ్లని ఆపలేం గానీ, 'ఫోన్‌కన్నా క్లారిటీ' ఆశపడి కొంటే నిరాశే.

లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. మన ఊళ్లో ఎలా నడుస్తుందో చూద్దాం.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజు. చింతమాను కొసన కూర్చున్న పూజారి జనం తలల మీదుగా అమ్మవారి చదురుగుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. జనంలో ఒక చోట ఇరుక్కుంటే కదలడం కుదరదు, దగ్గరికి రావడం మాను పని. పూజారి 30 మీటర్ల దూరంలో ఉన్నాడనుకోండి. కిట్ లెన్సు జూమ్ చివర, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో (36 × 24 మి.మీ. సెన్సర్‌తో పోల్చే లెక్క, అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరవుతుంది) 72 మి.మీ. దగ్గర, అడ్డం బొమ్మ ఎత్తులో 10 మీటర్ల దృశ్యం పడుతుంది. అందులో మనిషి చీమంత. జీ7ఎక్స్ 100 మి.మీ. కూడా కొద్దిగానే మెరుగు. ఆర్‌ఎక్స్100 మార్క్ 7 మాత్రం 200 మి.మీ. దాకా పోతుంది. ఫ్రేములో 3.6 మీటర్ల ఎత్తే ఉంటుంది, పూజారి నిండుగా కనబడతాడు. ఆర్50 తో ఆ పని చేయాలంటే 55-210 లెన్సు ఉండాలి. అది వేస్తే 336 మి.మీ. దాకా అందుతుంది, మొహంలో భావం కూడా చిక్కుతుంది. కానీ ఆ తోపులాటలో లెన్సు మార్చే సాహసం చేయొద్దు. ఇంట్లోనే 55-210 బిగించుకుని బయల్దేరాలి. వెడల్పు బొమ్మలకి ఫోన్ ఉండనే ఉంది.

అక్కడ ఏ కెమెరా అయినా పప్పులో కాలేసేది ఒకటుంది. పూజారి వెనక తెల్లటి ఆకాశం. ఆటోలో వదిలేస్తే కెమెరా ఆకాశాన్ని చూసి వెలుగు తగ్గించేస్తుంది, మనిషి నల్లటి నీడగా మిగులుతాడు. ఎక్స్‌పోజర్‌ని (బొమ్మకి పడే వెలుగుని) ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచాలి. ఈ సర్దుబాటు జీ7ఎక్స్ మీద చక్రం తిప్పితే అయిపోతుంది. కొనేముందు షాపులో ఆ చక్రం ఎక్కడుందో వెతికి చూడండి. మెనూలో నాలుగు మెట్లు దిగి మార్చాల్సిన కెమెరా పండగలో ఉపయోగపడదు. తలల మీదకి ఎత్తి తీయాలి కాబట్టి మడిచే తెర కూడా అవసరం. ఆర్50 కన్నా చవకైన మిర్రర్‌లెస్ కానన్ ఆర్100 తెర కదలదు, వేలితో తాకినా పలకదు. చవకని దాన్ని పట్టుకొస్తే ఈ లోటు మొదటి జాతరలోనే తెలుస్తుంది.

చీకటి పడ్డాక సంగతి మరీ తేడా. ఊళ్లో అమ్మవారి సంబరం, నాలుగు హాలోజన్ దీపాల కింద తప్పెటగుళ్లు. గంతులు వేసే కాళ్లు సాగిపోకుండా రావాలంటే షట్టర్ కనీసం 1/250 సెకను ఉండాలి. అలాంటి వెలుగులో 50 మి.మీ. లెన్సు ఎఫ్ 1.8 దగ్గర ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన, పెంచేకొద్దీ బొమ్మ గరుకవుతుంది) 1250 చాలు. కిట్ లెన్సు ఎఫ్ 6.3 దగ్గర దానికి పన్నెండు రెట్లు, అంటే 16,000 దాకా పోతుంది. పంచె మడతలు, కండువా అంచు అన్నీ ఇసుక చల్లినట్టయిపోతాయి. జీ7ఎక్స్ ఎఫ్ 2.8 దగ్గర 3,200 అడుగుతుంది. సెన్సర్ చిన్నది కాబట్టి ఆ గరుకు ఏపీఎస్-సీ మీద 9,000 పెట్టినంత ఉంటుంది. కిట్ లెన్సుకన్నా నయం, 50 కన్నా చాలా వెనక.

50 మి.మీ. లెన్సుకీ చిక్కులున్నాయి. ఏపీఎస్-సీ మీద అది ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 80 మి.మీ. అయి కూర్చుంటుంది. నిలబడ్డ మనిషిని నిలువు బొమ్మలో తల నుంచి కాలిదాకా పట్టాలంటే దాదాపు ఐదు మీటర్లు వెనక్కి నడవాలి. ఇంట్లో పసుపు కొట్టే తంతుకి ఆ జాగా ఎక్కడిది? 28 మి.మీ. ఎఫ్ 2.8 అక్కడ మేలు, బరువు 120 గ్రాములే. పైగా ఆ 50 లెన్సులో గానీ ఆర్50 బాడీలో గానీ వణుకు ఆపే ఏర్పాటు లేదు. కదలని మనిషికైనా 1/100 కన్నా కిందకి దిగకండి.

దీపాల గురించి ఒక హెచ్చరిక. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వందసార్లు మినుకుతుంది. వీడియోకి షట్టర్ 1/50 లేదా 1/100 పెట్టి, మెనూలో వీడియో పద్ధతిని ఎన్‌టీఎస్‌సీ నుంచి పాల్‌కి మార్చి సెకనుకి 25 ఫ్రేములు ఎంచుకుంటే ఆ మినుకు కనబడదు. ఫొటోల్లో, మిర్రర్‌లెస్‌లోని సైలెంట్ షట్టర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్) వాడితే ఎల్‌ఈడీ స్టేజీ కింద బొమ్మకి అడ్డంగా నల్లటి చారలు పడతాయి. ఆ మోడ్ ఆపేయండి. కాంపాక్టులకి ఇక్కడ ఒక దాగిన లాభం ఉంది. వాటి లీఫ్ షట్టర్ (రేకుల్లా తెరుచుకుని మూసుకునే తెర) లెన్సులోనే ఉంటుంది కాబట్టి ఆ చారలు రావు. అంతేకాదు, మిట్టమధ్యాహ్నం పందిరి అంచున సగం ఎండ సగం నీడ పడ్డ మొహానికి 1/1000 సెకను దగ్గర కూడా ఫ్లాష్ పేలుతుంది. ఆర్50 అంతర్గత ఫ్లాష్ 1/250 దగ్గరే ఆగిపోతుంది. నికాన్ జడ్30, సోనీ జడ్‌వీ-ఈ10 మిర్రర్‌లెస్‌ల బాడీలో అసలు ఫ్లాషే లేదు.

పెళ్లి వీడియో మొత్తం తీద్దామనుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. జీ7ఎక్స్ 4కే రికార్డింగ్ పది నిమిషాలకి ఆగిపోతుంది. జీలకర్ర బెల్లం మొదలైనప్పుడు నొక్కితే తాళి కట్టేసరికి ఆగి ఉండొచ్చు. ఫుల్ హెచ్‌డీలో తీయండి, లేకపోతే ముక్కలుగా తీయండి. ఆర్50 గంట దాకా లాగుతుంది.

బ్యాటరీ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కాంపాక్టులకి ఒక చార్జీకి రెండు వందల బొమ్మలు, అటూఇటూ. మిర్రర్‌లెస్‌లకి మూడు నాలుగు వందలు. రెండిటికీ ఒక స్పేర్ కొనాల్సిందే.

సముద్రం మాత్రం రెండిటికీ శత్రువే. వంశధార కలిసే కళింగపట్నం ఒడ్డున గానీ బారువలో గానీ గాలికి ఇసుక, ఉప్పు రెండూ ఎగురుతుంటాయి. కాంపాక్ట్ లెన్సు గొట్టంలో గొట్టంగా బయటకి వస్తుంది. ఆ సందులో ఇసుక రేణువు ఒకటి పడితే కరకర చప్పుడు, తర్వాత 'లెన్స్ ఎర్రర్'. బాగుచేయించే ఖర్చు కెమెరా విలువలో పెద్ద వంతే ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో ఆ ప్రమాదం తక్కువ గానీ, ఒడ్డున లెన్సు మారిస్తే సెన్సర్ మీదే దుమ్ము కూర్చుంటుంది. ఎఫ్ 16 పెట్టి ఆకాశాన్ని తీయండి, చుక్కలు కనబడితే కెమెరాని బోర్లా పట్టుకుని రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదొద్దు, ఉమ్మి తుంపర పడితే దుమ్ముకన్నా మొండి మరక అవుతుంది. ఏసీ కారు దిగగానే కెమెరా తీస్తే అద్దం మీద ఆవిరి పడుతుంది. జిప్ కవరులో పెట్టి ఇరవై ముప్పై నిమిషాలు ఆగాలి.

మన వైపు తేమకి లెన్సుల్లో బూజు పట్టడం మామూలే. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు ఉంటే చాలు. మీటరు 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మిర్రర్‌లెస్‌లో బూజు పట్టిన లెన్సు ఒక్కటి పోతుంది. కాంపాక్ట్‌లో అయితే కెమెరా అంతా పోయినట్టే.

టెక్కలి మండలం తేలినీలాపురానికి చలికాలంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. కూర్చున్న పక్షికైతే ఇక్సస్ 285 జూమ్ (300 మి.మీ.) కూడా ఎండలో పనికొస్తుంది. ఎగిరే పక్షికి అది చేతులెత్తేస్తుంది. ఫోకస్ దొరికేలోపు పక్షి ఫ్రేము దాటిపోతుంది. ఆర్50 పక్షుల్ని, జంతువుల్ని గుర్తుపట్టి ఫోకస్‌ని వాటి మీదే ఉంచుతుంది, ఆర్100 మనుషుల్నే గుర్తుపడుతుంది. 55-210 లెన్సు చివర ఎఫ్ 7.1 దగ్గర, షట్టర్ 1/2000 పెట్టి, మంచి ఎండలో ఐఎస్ఓ 400 తో తీయొచ్చు. పొద్దున ఆరున్నర వెలుగులో 3,200 అవుతుంది, అదీ పర్వాలేదు.

ధరలు పండగ ఆఫర్లతో ఊగుతుంటాయి. వరస మాత్రం ఇది: ఇక్సస్ చవక, తర్వాత ఆర్100 కిట్, తర్వాత ఆర్50 కిట్. ఆర్‌ఎక్స్100 మార్క్ 7 వీటన్నిటికన్నా ప్రియం. ఊరు తిరుగుళ్లు, గుడులు, పిల్లలు, ఒకే వస్తువు, సంచి మోయకూడదు అనుకుంటే జీ7ఎక్స్ లేదా ఆర్‌ఎక్స్100. పెళ్లిళ్లు, స్టేజీలు, పక్షులు ఉంటే మిర్రర్‌లెస్. డబ్బు సరిపోకపోతే ఆర్50 కిట్ దగ్గర ఆగకుండా, ఆర్100 కి దిగి మిగిలిన సొమ్ముతో 50 ఎఫ్ 1.8 కొనడం మంచి బేరం. పక్షులే ముఖ్యమైతే ఈ సలహా వర్తించదు.

సర్వీసు కోసం విశాఖ దాకా మోయాల్సి రావచ్చు కాబట్టి మన దేశపు వారంటీ ఉన్న బిల్లే తీసుకోండి. సెకండ్ హ్యాండ్ కాంపాక్ట్ అయితే పదిసార్లు ఆన్ ఆఫ్ చేసి లెన్సు గొట్టం చప్పుడు వినండి. ఫోన్ టార్చి లెన్సులోకి వేసి సాలెగూడు లాంటి పోగులున్నాయేమో చూడండి. బ్యాటరీ ఉబ్బి అరలో బిగుసుకుని ఉంటే వెనక్కి ఇచ్చేయండి.