తకిలీయా, రాట్నమా?

ఇంట్లో నూలు వడకడం నేర్చుకోదలచిన వారికి తకిలీ (అడుగున బిళ్ల ఉండి వేళ్లతో తిప్పే సన్న పుల్ల) చవక, సంచిలో ఇమిడిపోతుంది. అయితే దానిని గాలిలో వేలాడదీస్తే బరువంతా సగం పురి పడిన పోగు మీదే పడుతుంది గనుక, పొట్టి పింజ (పీచు పొట్టిగా ఉండే) పత్తి పుటుక్కున తెగుతుంది. కొబ్బరిచిప్పలో మొన ఆనించి తిప్పితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

గాంధీజీ యెరవాడ జైలులో ఉండగా రూపుదిద్దుకున్న పెట్టె రాట్నంలో కదురు (నూలు పురి పడి చుట్టుకునే సన్న పుల్ల) బరువు పోగు మీద పడదు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో ఏకును (ఏకిన పత్తి వత్తిని) వెనక్కి లాగుతుంటే కదురు మొన దగ్గరే పురి ఎక్కుతుంది. ఖద్దరుకు పేరొందిన పొందూరులో సన్న నూలు వడికేదీ రాట్నం మీదే, అదీ వాలుగ చేప దవడతో ఏకిన పత్తితో.

వేగం రాట్నానిదే. అయినా, పురి ఎక్కువైన పోగు మెలికపడటం వేళ్లకు తెలిసేదాకా, ఒక నెల తకిలీయే మేలని నా అభిప్రాయం.