కాటా, టేపు, మెట్లు: ఒంటి సంగతి తెలుసుకోవడానికి ఏది మేలు?

కడపలో ఎండలు ముదరకముందే, మాఘ ఫాల్గుణాల్లోనే, మా బడి మైదానంలో పొద్దున నడిచేవాళ్ల సంఖ్య పెరుగుతుంది. నేను వ్యాయామోపాధ్యాయినిని కాబట్టి వారు నన్ను ఏటా అడిగే ప్రశ్న ఒక్కటే: “మేడం, ఇంట్లోకి కాటా కొనుక్కుంటే మంచిదా?” ఈ ఏడు ఇప్పటికే పదిమందికి పైగా అడిగారు. వారిలో ఒకామె, నెలరోజులుగా ఒక్క పూట కూడా తప్పకుండా నడిచినా కాటాలో అంకె కదలలేదని, ఇక నడక మానేస్తానని నిరాశగా చెప్పింది. మాటల్లో తెలిసిందేమిటంటే, సంక్రాంతికి ఊరికి పోయేటప్పుడు రైల్వే స్టేషన్‌లో కాలివంతెన ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు నిలబడిన ఆ మనిషి, మొన్న చేతిలో సంచితో ఒక్క విడతలో ఎక్కేసింది. ఆ సంగతి ఆమె తన లెక్కలో వేసుకోనేలేదు. దేన్ని కొలుస్తున్నామన్నది చిన్న విషయం కాదని నేను నమ్ముతాను కాబట్టి, ఒంటి స్థితిని తెలుసుకోవడానికి మనకున్న సాధనాల్లో ఏది మేలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందుగా కాటాకు దక్కవలసిన గౌరవం దానికి ఇవ్వాలి. బరువు తగ్గి, తగ్గిన దాన్ని నిలుపుకొన్నవారి వివరాలను అమెరికాలో 1994లో ఒక పట్టికలో నమోదు చేయడం మొదలుపెట్టారు; అందులో ఉన్నవారిలో సుమారు నాలుగింట మూడు వంతుల మంది కనీసం వారానికి ఒకసారి తూచుకునేవారే. ప్రయత్నం లేకుండానే బరువు తగ్గిపోవడం మధుమేహానికో క్షయకో సూచన కావచ్చు, దాన్ని తొందరగా పట్టుకునేది కాటాయే. కాబట్టి దాన్ని ఇంట్లో పెట్టుకోవడమే తప్పని నేను అనను.

చిక్కంతా అది చూపే అంకెలో ఏముందో తెలియకపోవడంలో ఉంది. లీటరు నీళ్లు తాగిన మరుక్షణం మనిషి కిలో బరువు పెరుగుతాడు. ఊరగాయ గట్టిగా తిన్న మరునాడు, ఆ ఉప్పు పట్టి ఉంచిన నీటితో కాటాలో అంకె పైకి పోతుంది. స్త్రీలలో నెలసరికి ముందు కూడా ఇలాగే జరుగుతుంది. ఒకే మనిషి బరువు ఒకే రోజులో కిలో, ఒక్కోసారి రెండు కిలోల దాకా మారడం సహజం. అన్నం, సంగటి మానేస్తే వారంలో రెండు కిలోలు తగ్గుతారన్న ప్రకటనల వెనక ఉన్నది కూడా ముఖ్యంగా నీరే. కాలేయంలో, కండరాల్లో పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది. దాని ప్రతి గ్రాముతో సుమారు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకొని ఉంటుంది. నిల్వ కరిగితే నీరూ పోతుంది, మళ్లీ సంగటి తిన్న రెండు రోజులకు ఆ బరువంతా తిరిగి వస్తుంది. వచ్చింది కొవ్వు కాదు, కానీ కాటా మీద నిలబడ్డ మనిషి తాను ఓడిపోయానని అనుకుంటుంది. పైగా మన ఇళ్లలో నేల కడప బండలది. బండకూ బండకూ మధ్య ఎత్తుపల్లాలుంటాయి, కాటాను జానెడు పక్కకు జరిపితే అంకె మారడం మా ఇంట్లోనే చూశాను.

బరువును ఎత్తుతో కలిపి లెక్కించే బీఎంఐ గురించి ఎక్కువ చెప్పను. అది 1830లలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ కెట్లే సగటు మనిషిని వర్ణించడానికి వేసిన లెక్క. దానికి ఇప్పటి పేరు పెట్టినవాడు 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. జనసమూహాలను పోల్చడానికి అది పనికొస్తుంది. ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎంత చాలదో 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం తేటగా చూపింది: పుణెకు చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ జాన్ యడ్కిన్ ఇద్దరికీ బీఎంఐ ఒకటే, 22.3; కానీ కొవ్వు శాతం యడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. చూడడానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు ఎక్కువగా ఉండే మన భారతీయ దేహాల సంగతి అది. అందుకే చాలా దేశాల్లో బీఎంఐ 25 నుంచి అధిక బరువు అంటుంటే, మన వైద్యులు 23 నుంచే జాగ్రత్త పడమంటారు.

ఇక టేపు. దర్జీ వాడే మామూలు టేపు పది ఇరవై రూపాయలకు దొరుకుతుంది, దానికి బ్యాటరీ అక్కరలేదు, బండల ఎత్తుపల్లాలు దానికి అడ్డం రావు. అన్నిటికన్నా ముఖ్యమైనది, అది మనకు హాని చేసే కొవ్వుకు దగ్గరగా కొలుస్తుంది. తొడల్లో, పిరుదుల్లో చేరిన కొవ్వు కన్నా, పొట్ట లోపల కాలేయం చుట్టూ పేగుల చుట్టూ చేరేది మధుమేహానికి, రక్తపోటుకు, గుండె జబ్బుకు ఎక్కువగా దారితీస్తుంది. దక్షిణాసియా వారికి నడుము చుట్టుకొలత మగవారిలో 90 సెంటీమీటర్లు, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటకూడదని చెబుతారు. అంగుళాల్లో సుమారు ముప్పై అయిదున్నర, ముప్పై ఒకటిన్నర. ఈ అంకెలు గుర్తుండవనుకునేవారికి ఇంకా తేలికైన పద్ధతి ఉంది: నడుము కొలత ఎత్తులో సగానికి మించకూడదు. ఇంట్లో ఒక దారాన్ని మీ ఎత్తుకు కత్తిరించి, దాన్ని సగానికి మడిచి నడుముకు చుట్టి చూసుకుంటే అంకెలు చదవడం రాని అవ్వకు కూడా జవాబు తెలుస్తుంది.

కొలిచే చోటు మాత్రం సరిగ్గా ఉండాలి. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పై అంచుకు మధ్యన, మామూలుగా ఊపిరి వదిలిన తర్వాత, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. మగవారు ప్యాంటు సైజునే నడుము కొలత అనుకుంటారు. బెల్టు పొట్ట కిందికి జారి ఇరవై ఏళ్లయినవారికి ఆ సైజు మారకుండానే ఉంటుంది, పొట్ట మాత్రం ముందుకు వస్తూనే ఉంటుంది. నెలకు ఒకసారి, ఒకే తేదీన కొలిస్తే చాలు. అంతకన్నా తొందరగా అది మారదు, మారనిదాన్ని రోజూ చూసుకోవడం మనసుకు మంచిది కాదు.

మూడోది, నేను అన్నిటికన్నా పైన పెట్టేది, ఒంటికి ఏ పని చేతనవుతోందో చూసుకోవడం. దీనికి కారణం ఆరోగ్యశాస్త్రం మాత్రమే కాదు, నేను చేసిన ఒక తప్పు కూడా. కొన్నేళ్ల కిందట వరకూ, ఏడాది మొదట్లో పిల్లల ఎత్తు బరువు నమోదు చేసేటప్పుడు, నేను కొలిచి గట్టిగా చదివితే తరగతి నాయకురాలు పుస్తకంలో రాసుకునేది. అలా ఒకసారి తొమ్మిదో తరగతి పిల్ల బరువు చదవగానే వెనక వరసలో నవ్వులు వినిపించాయి. నేను వాళ్లను కసిరి, తర్వాతి పేరు పిలిచాను. ఆ పిల్ల మరునాటి నుంచి మధ్యాహ్న భోజనంలో అన్నం తోటి పిల్లలకు పెట్టేసి గుడ్డు మాత్రం తినడం, తర్వాత గుడ్డు కూడా మానేయడం ఎవరమూ గమనించలేదు. రెండు నెలల తర్వాత ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయినప్పుడు వాళ్ల అమ్మ చెప్పింది, రాత్రిపూట కూడా గ్లాసు మజ్జిగతో సరిపెడుతోందని. ఖోఖోలో మా జట్టుకు ఆ పిల్ల వెన్నెముక లాంటిది. ఆమె ఎంత వేగంగా పరుగెత్తుతుందో నేను ఒక్కసారి కూడా అందరి ముందు చదివి వినిపించలేదు, బరువు మాత్రం చదివాను.

అందుకే ఏ కొలత మేలు అని ఎవరైనా అడిగితే నేను ముందు చూసేది దాని కచ్చితత్వం కాదు. ఆ కొలత చూసిన మనిషి మరునాడు పొద్దున ఏం చేస్తుందన్నది చూస్తాను. కాటా అంకె నచ్చకపోతే చాలామందికి తోచేది ఒక్కటే, పూట మానేయడం. పూట మానేయడం ఎక్కడికి పోతుందో, బీఎంఐకి పేరు పెట్టిన ఆ కీస్‌గారే 1944–45లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చూశారు. ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకు ఆరు నెలల పాటు సగం తిండి పెడితే, వాళ్ల బరువు దాదాపు నాలుగో వంతు తగ్గింది. దానితోపాటు వాళ్లకు తిండి తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. వంటల పుస్తకాలు ముందేసుకుని చదివారు, దిగులుతో కుంగిపోయారు, తిండి మళ్లీ దొరికాక ఎంత తిన్నా తృప్తి లేకపోయింది. పూటలు మానేసి, ఆదివారం ఓళిగలు కనబడగానే ఆపుకోలేక తిని, తర్వాత తమను తామే తిట్టుకునే మా మైదానం స్త్రీలలో నాకు కనబడేది అదే. అది వాళ్ల మనసు బలహీనత కాదు, ఆకలితో ఉంచిన ఒంటి స్వభావం.

మెట్ల లెక్క చూసుకున్న మనిషి మరునాడు చేసేది వేరు. ఆయాసం వచ్చిందంటే ఇంకొన్నాళ్లు నడుస్తుంది, వాలుగా ఉన్న చోటు చూసి నడుస్తుంది. కాబట్టి నేను నా దగ్గరకు వచ్చేవారికి నాలుగు పనులు చూసుకోమంటాను. రెండంతస్తులు ఆగకుండా ఎక్కి, పైన నిలబడి మాట్లాడగలుగుతున్నారా? చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి కూర్చోగలుగుతున్నారు? నేల మీద కూర్చుని చేయి ఆనించకుండా లేవగలుగుతున్నారా? నీళ్ల క్యాను, అంటే ఇరవై లీటర్లు, ఇరవై కిలోలు, మోకాళ్లు వంచి ఎత్తి గడప దాటించగలుగుతున్నారా? వెన్ను, మోకాళ్ల నొప్పులున్నవారు ఈ చివరిదాన్ని చేయకూడదు, సగం బిందెతో మొదలుపెట్టాలి. తిరుమలకు అలిపిరి నుంచి నడిచి పోవాలని మొక్కుకున్నవారు మా జిల్లాలో ఎందరో ఉన్నారు. సుమారు 3550 మెట్ల ఆ దారి వాళ్ల ఒంటికి కాటా చెప్పనిది చాలా చెబుతుంది.

బలానికీ ఆయుష్షుకూ ఉన్న సంబంధం ఊహ కాదు. 17 దేశాల్లో జరిపి 2015లో ప్రచురించిన ప్యూర్ అనే ఆరోగ్య అధ్యయనంలో, పిడికిలి పట్టు ప్రతి అయిదు కిలోలు తగ్గినకొద్దీ మరణాల ప్రమాదం 16 శాతం ఎక్కువగా కనబడింది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ, దానితోపాటు వారంలో కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మనవాళ్లు మొదటి సగం విని నడుస్తారు, రెండో సగాన్ని వదిలేస్తారు. నడకతో రక్తంలో చక్కెర, రక్తపోటు మెరుగుపడుతున్నా బరువు అంతగా తగ్గకపోవచ్చు. కాటా ఒక్కటే చూసుకునేవారు ఆ మేలును చూడకుండానే మానేస్తారు.

అరికాళ్ల నుంచి సన్నని కరెంటు పంపి కొవ్వు శాతం చెప్పే యంత్రాలున్నాయి. ఒంట్లో నీటిని బట్టి వాటి లెక్క మారిపోతుంది కాబట్టి డబ్బు పెట్టవలసిన అవసరం లేదు. అడుగులు లెక్కపెట్టే చేతి గడియారం ఉంటే వాడుకోవచ్చు, లేకపోతే లోటు లేదు.

ఇంత చెప్పినా కాటా తప్పనిసరి అయినవారు కొందరున్నారు: గర్భిణులు, ఎదిగే పిల్లలు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, గుండె బలహీనమైనవారు. ఈ చివరివారిలో రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు చేరుతోందన్న హెచ్చరిక, వెంటనే వైద్యుడికి చెప్పాలి. పిల్లల బరువును నేను ఇప్పటికీ నమోదు చేస్తాను, కాని ఒక్కొక్కరినీ విడిగా గదిలోకి పిలిచి, నేనే రాసుకుని, పుస్తకం మూసేస్తాను. బయట గోడకు మాత్రం ఎవరు ఎంత దూరం దూకారో, నిమిషంలో ఎన్నిసార్లు తాడు దాటారో రాసిన కాగితం ఉంటుంది, దాంట్లో నెలనెలా పాత అంకె పక్కన కొత్త అంకె వేస్తాను.

కాలివంతెన ఎక్కిన ఆమె నడక మానలేదు. టేపు ఆమెకు ఉగాది రోజున ఇచ్చాను, ఏప్రిల్‌లో మళ్లీ కొలుస్తాం. మా ఇంటి కాటా ఇప్పుడు ఎదురింటి తాతగారి మంచం పక్కన, నేల సమంగా ఉన్న ఒక బండ మీద ఉంది. గుండె వైద్యుడు రోజూ చూడమన్నాడని, ఆయన కోడలు పొద్దున్నే కాఫీ ఇవ్వకముందే ఆయన్ను దాని మీద నిలబెట్టి, అంకె క్యాలెండర్ మీద రాసుకుంటోంది.