ఫ్లో లూప్‌లో ఫీడ్‌ఫార్వర్డ్: మూడేళ్లు వాడాక

మా ప్లాంట్‌లో రియాక్టర్‌కి నీళ్లు వెళ్లే లైన్ చాలాకాలం తలనొప్పిగా ఉండేది. సెట్‌పాయింట్‌ని (మనకు కావలసిన ఫ్లోని) గంటకు 6 ఘనమీటర్ల నుంచి 12కి మారిస్తే ఫ్లో నిలకడగా రావడానికి ముప్పావు నిమిషం పట్టేది. ఫ్లో కొలిచే ఆరిఫిస్ (పైపులో పెట్టే, రంధ్రం ఉన్న పలక) సిగ్నల్ ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది, కంట్రోలర్ గట్టిగా స్పందించేలా గెయిన్ పెంచితే హంటింగ్, అంటే ఫ్లో పైకీ కిందకీ ఊగడం, మొదలయ్యేది. అందుకే ఆపరేటర్లు మాన్యువల్‌లో వాల్వ్ తెరిచి, తర్వాత ఆటోలో పెట్టేవారు. ఏ ఫ్లోకి వాల్వ్ ఎంత తెరవాలో వాళ్లకు అలవాటు మీద తెలుసు.

ఆ తెలివినే పట్టికగా డీసీఎస్‌లో (ప్లాంట్‌ని నడిపే కంప్యూటర్ వ్యవస్థలో) రాశాం. ఫీడ్‌ఫార్వర్డ్ అంటే ఇదే. సెట్‌పాయింట్ మారగానే వాల్వ్ నేరుగా ఆ చోటికి వెళ్తుంది, మిగిలిన కాస్త తేడాని పీఐ కంట్రోలర్ (కొలిచిన ఫ్లోకీ సెట్‌పాయింట్‌కీ తేడా చూసి వాల్వ్‌ని సర్దేది) సరిచేస్తుంది. ఇప్పుడు 10-12 సెకన్లలో కుదురుతోంది. అందులో సగం వాల్వ్ కదలడానికి పట్టే టైమే.

పట్టిక కోసం ఫ్లో పెంచుతూ ఒకసారి, తగ్గిస్తూ ఒకసారి రీడింగులు తీస్తే రెండూ కలవలేదు. గ్లాండ్ ప్యాకింగ్ (వాల్వ్ కాడ చుట్టూ లీకు ఆపే సీలు) మరీ బిగించడం వల్ల వాల్వ్ పట్టేస్తోంది. అది సరిచేయించి మళ్లీ తీశాం. వాల్వ్ పట్టేస్తున్న చోట దయచేసి దీన్ని పెట్టకండి.

మొదటిసారి ఆన్ చేసిన రోజు గట్టి టెన్షన్ పడ్డాం. పీఐలో అప్పటికే ఉన్న విలువ మీద పట్టిక విలువ వచ్చి కూడింది, వాల్వ్ ఒక్కసారిగా తెరుచుకుంది. ఆన్ చేసే క్షణంలో ఆ మేరకు పీఐ విలువ తగ్గేలా మార్చాక మళ్లీ అలా జరగలేదు.

నాకు ఎక్కువ నచ్చింది మాత్రం నేను ఊహించనిది. పట్టిక సరిగ్గా ఉంటే పీఐ సరిదిద్దేది రెండు మూడు శాతం మించదు. రెండో ఏడాది అది నెమ్మదిగా 11 శాతానికి పాకింది. వెళ్లి చూస్తే పంపు దగ్గర స్ట్రెయినర్ (చెత్త ఆపే జల్లెడ) మూసుకుపోతోంది. ఫ్లో ట్రెండ్‌లో ఏ తేడా కనిపించలేదు, పీఐ ట్రిమ్ (పీఐ చేసే ఆ సవరణ) పట్టించింది. అప్పటినుంచి వారానికోసారి దాన్ని చూస్తాను.

తక్కువ ఫ్లోలో మాత్రం లాభం లేదు. రేంజిలో నాలుగో వంతు ఫ్లోకి డీపీ (ఆరిఫిస్‌కి రెండు వైపులా ఉండే ఒత్తిడి తేడా) పదహారో వంతే వస్తుంది. ఆ రీడింగ్‌నే నమ్మలేం, ఇక పీఐ దేన్ని సరిచేస్తుంది? వచ్చే షట్‌డౌన్‌లో అక్కడ మ్యాగ్నెటిక్ ఫ్లోమీటర్ పెట్టమని అడిగాను.