నాయకుడు నష్టాన్ని తీసిపారేస్తే: సోమవారం అర్జీయా, సమాచార హక్కా?

కోసిన పనలు నీళ్లలో మొలకెత్తుతుంటే, ఇది ఏటా ఉండేదేగా అని నాయకుడు అనేస్తే డెల్టా రైతుకు కడుపు మండుతుంది. ఆ మాటకు కాగితమే జవాబు: సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదుల రోజున ఇచ్చే అర్జీ, లేదా అధికారులు రాసిన నష్టం లెక్క అడిగే సమాచార హక్కు దరఖాస్తు.

ఖర్చు: అర్జీకి రుసుము లేదు, కలెక్టరేట్‌కి వెళ్తే ఆ రోజు పని పోతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామంలో ఉచితం, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10.

శ్రమ: అర్జీలో సర్వే నంబరు, విస్తీర్ణం, ఫొటోలు చాలు. రెండోదానిలో ప్రశ్నే ప్రాణం. "ఎందుకు ఇవ్వలేదు" అంటే తిప్పి పంపుతారు. "నా సర్వే నంబరుకు రాసిన నష్టశాతం, గ్రామ జాబితా నకలు" అని అడగండి. 33 శాతం, ఆపైన రాస్తేనే పెట్టుబడి రాయితీ, అంటే పంట నష్టానికి ప్రభుత్వ సాయం. 30 అని రాసి ఉంటే గుట్టు అక్కడే తేలుతుంది.

ప్రమాదం: పరిష్కరించామని అర్జీ మూసేస్తారు, రసీదు దాచుకోండి. దరఖాస్తుకు 30 రోజులు ఆగాలి. జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

చేలో నీళ్లుండగానే అయితే అర్జీ. జాబితాలో పేరు లేదంటే, ముఖ్యంగా కౌలు రైతుకు, సమాచార హక్కు.