శంషాబాద్‌లో దిగి సీతాఫల్‌మండికి: క్యాబ్ లేకుండా ఇంటికొచ్చిన దారులు

పుణెలో ఉద్యోగం, ఇల్లు హైదరాబాద్ సీతాఫల్‌మండిలో. నెలా రెండు నెలలకోసారి వస్తుంటాను. మొదట్లో విమానం దిగగానే ఫోన్ తీసి క్యాబ్ బుక్ చేసేదాన్ని. ఒకసారి రాత్రిపూట ఒక డ్రైవర్ వస్తానని పావుగంట నిలబెట్టి, ఎక్కడికని అడిగి, క్యాన్సిల్ చేశాడు. మళ్లీ బుక్ చేసేసరికి రేటు ఇంకా పెరిగింది. టికెట్ ఆఫర్‌లో దొరికిందని సంతోషపడితే ఆ మిగిలిందంతా కారుకే పోయింది. ఇంటికొచ్చాక అమ్మ ఒకటే మాట: "గన్ని పైసలు పెట్టి కారెందుకే, బస్సులు లేవా?"

ఉన్నాయి. అప్పట్నుంచి బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ లోకల్ రైలు అన్నీ ప్రయత్నించి చూశాను.

ముందు ఒక విషయం, ఎందుకంటే బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు ఇదే అడుగుతారు. ఎయిర్‌పోర్ట్‌కి మెట్రో ఇంకా లేదు. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి శంషాబాద్‌కి మెట్రోకి శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారాక ఆ దారి పక్కనపెట్టి నాగోలు, ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేయాలని కొత్త ప్లాన్ వచ్చింది. అది వచ్చేదాకా ఎయిర్‌పోర్ట్ లోపలికి వచ్చే చవకైన బండి అంటే ఆర్టీసీ పుష్పకే.

పుష్పక్ గురించి నా మాట సూటిగా చెప్తాను, మంచి బస్సు. ఏసీ ఉంటుంది, సూట్‌కేసులు పెట్టుకోడానికి విడిగా చోటు ఉంటుంది. టికెట్ ధర ఎక్కడ దిగుతామన్నదాన్ని బట్టి ఉంటుంది. నాకైతే క్యాబ్ యాప్ చూపించిన దాంట్లో సగం కూడా కాలేదు. ఎక్కేముందు మాత్రం ఏ వైపు బస్సో అడిగి ఎక్కండి, పేరు ఒకటే అయినా దారులు వేరు. ఒకటి ఆరాంఘర్, మెహిదీపట్నం మీదుగా సికింద్రాబాద్ వైపు వస్తుంది, ఇంకోటి గచ్చిబౌలి మీదుగా జేఎన్టీయూ, మియాపూర్ వైపు పోతుంది, ఎల్బీ నగర్‌కి వేరేది. కూకట్‌పల్లి వెళ్లాల్సినవాళ్లు తొందరలో సికింద్రాబాద్ బస్సు ఎక్కితే ఊరంతా చుట్టి రావాలి. ఆర్టీసీ వాళ్ల గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో కనిపిస్తుంది, ల్యాండ్ అయ్యి బ్యాగ్ కోసం బెల్ట్ దగ్గర నిలబడ్డప్పుడే చూసుకుంటే బయట టెన్షన్ ఉండదు.

నేను ఎక్కిన బస్సు ఆరాంఘర్ దాటాక పీవీ ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కింది, పదకొండున్నర కిలోమీటర్ల ఫ్లైఓవర్ అది, మళ్లీ కిందికి దిగేది మెహిదీపట్నంలోనే. పక్క సీట్లో ఒకాయన అత్తాపూర్ పిల్లర్ నంబర్ చెప్పి "అక్కడ ఆపుతారా" అని అడిగాడు పాపం, అప్పటికే పైకి ఎక్కేశాం. కాబట్టి అత్తాపూర్, ఉప్పర్‌పల్లి వాళ్లు ఆరాంఘర్‌లోనే దిగిపోండి, కింద సిటీ బస్సులు, షేర్ ఆటోలు దొరుకుతాయి.

తెల్లవారుజామున అయితే సికింద్రాబాద్ దాకా అదే బస్సులో హాయిగా వచ్చేస్తాను. పొద్దున తొమ్మిది దాటినా, సాయంత్రమైనా అలా చేయను. మెహిదీపట్నం దాటాక మాసబ్ ట్యాంక్ దగ్గర మొదలయ్యే ట్రాఫిక్ బేగంపేట దాకా వదలదు, ఒకసారి అందులో కూర్చుని ముప్పావుగంట పోగొట్టుకున్నాను. ఇప్పుడు లక్డీకాపూల్‌లో దిగి మెట్రో ఎక్కుతాను, అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారితే మెట్టుగూడ, అక్కడి నుంచి ఇంటికి కొంచెం దూరమే. మెట్రో స్టేషన్‌లో బ్యాగ్ స్కానింగ్, అమీర్‌పేటలో జనం, ఎస్కలేటర్ల మీద పెట్టెలు, ఇవన్నీ ఉంటాయి కాబట్టి ఒక్క బ్యాగ్ ఉంటేనే ఈ పని చేయండి.

ఇక అన్నిటికంటే చవకైనది, నాకు బాగా నచ్చినది, అందరికీ చెప్పలేనిది ఎంఎంటీఎస్. 2023 ఏప్రిల్ నుంచి ఈ రైళ్లు ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వస్తున్నాయి. ఉందానగర్ అంటే శంషాబాద్ ఊరి పక్కనే, ఎయిర్‌పోర్ట్‌కి ఆరేడు కిలోమీటర్లు. ఆటో ఆయన "స్టేషన్ కాడికా మేడం, రెండొందలియ్యి" అన్నాడు, బేరమాడి నూట యాభైకి ఒప్పించాను. రైలు టికెట్ ఇరవై లోపే! బుద్వేల్, ఫలక్‌నుమా, యాకుత్‌పురా, మలక్‌పేట, కాచిగూడ దాటుకుంటూ సరిగ్గా మా సీతాఫల్‌మండి స్టేషన్‌లో దించింది. దిల్‌సుఖ్‌నగర్ వైపు వాళ్లు మలక్‌పేటలో దిగితే పక్కనే మెట్రో స్టేషన్ ఉంటుంది. పాతబస్తీ ఇళ్ల వెనక నుంచి వెళ్తుంటే ఊరికొచ్చానన్న సంతోషం క్యాబ్‌లో ఎప్పుడూ కలగలేదు. చిక్కేంటంటే ఆ లైన్‌లో రైళ్లు తక్కువ. మొదటిసారి టైమ్ చూసుకోకుండా వెళ్లి, ప్లాట్‌ఫాం మీద గంట పైనే కూర్చున్నాను. పట్టాలు అంత దగ్గరిదాకా వచ్చాక ఎయిర్‌పోర్ట్ నుంచి స్టేషన్‌కి రైలు టైముకి ఒక చిన్న బస్సు నడిపినా ఎంతమందికి డబ్బు మిగులుతుందో! ఈ ఒక్కటి మాత్రం ఎవరైనా చేయాలని గట్టిగా కోరుకుంటున్నాను.

ఆడవాళ్లకి ఇంకో మాట. మహాలక్ష్మి ఉచిత ప్రయాణం పుష్పక్‌లో చెల్లదు, సిటీలో అయితే ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనే. అందుకే మా పిన్ని చార్మినార్ వైపు వెళ్లాలంటే పుష్పక్‌లో ఆరాంఘర్ దాకానే టికెట్ తీసుకుని, అక్కడ సిటీ బస్సులో జీరో టికెట్‌తో పోతుంది. తెలంగాణ అడ్రస్ ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి, జిరాక్స్ ఒప్పుకోరు.

పోయిన నెల అమ్మని పుణె నుంచి వెంట తీసుకొచ్చాను. మోకాళ్ల నొప్పులు, రెండు పెట్టెలు, ఒక పచ్చడి డబ్బా. మెట్రో, రైలు రెండూ ఆలోచించకుండా పుష్పక్ ఎక్కి సికింద్రాబాద్ దాకా వచ్చి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకున్నాం. ముందు సీట్లో కూర్చుని దారంతా బయటికి చూస్తూ, బేగంపేట రాగానే "ఇక్కడే ఉండె కదనే విమానాలు, మీ నాయన దిగి సిటీ బస్సుల వచ్చెటోడు" అని గుర్తు చేసుకుంది. 2008లో ఎయిర్‌పోర్ట్ శంషాబాద్‌కి మారేదాకా నిజంగానే అంత సులువుగా ఉండేది.

రాత్రి బాగా ఆలస్యంగా దిగితే మెట్రో, ఎంఎంటీఎస్ రెండూ మర్చిపోండి. అప్పుడు నేను పుష్పక్ ఎక్కి, బస్సు మెహిదీపట్నం దాటగానే అన్నయ్యకి ఫోన్ చేస్తాను. నేను సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్ (జేబీఎస్)లో దిగేసరికి బండి మీద వచ్చి నిలబడి ఉంటాడు.