దీక్షా కోర్సా, ట్రైనింగ్ క్లాసా, పక్క టీచరా: ఏది మేలు?

బదిలీల తర్వాత కొత్త స్కూల్లో చేరినవాళ్లు వరసగా ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "సార్, క్లాసులో పెట్టిన ఈ టచ్ తెర, అదే ప్యానెల్, వాడటం, ఈ ఏఐ సంగతీ ఎక్కడ నేర్చుకుంటే మంచిది?" నేను జడ్పీ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను, టెక్నాలజీలో పండితుణ్ణేమీ కాదు. మూడు దారులూ తొక్కినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

ముందు దీక్షా, అంటే టీచర్లకి ఆన్‌లైన్ కోర్సులుండే కేంద్ర ప్రభుత్వ వేదిక. 2017లో వచ్చింది, 2020 అక్టోబర్ నుంచి నిష్ఠ అనే జాతీయ టీచర్ల శిక్షణ కూడా దాని మీదే ఆన్‌లైన్‌లో నడిచింది. ఓడీ (ఆన్ డ్యూటీ అనుమతి) అక్కర్లేదు, బస్సెక్కక్కర్లేదు, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా కూర్చుని అర్థం కానిచోట ఆపి మళ్లీ చూసుకోవచ్చు. శ్రద్ధ ఉన్నవాళ్లకి దీన్ని మించింది లేదు. కానీ మన సంగతి మనకి తెలుసు కదా. వీడియో ఒకపక్క నడుస్తుంటుంది, మనం ఇంకోపక్క పేపర్లు దిద్దుతుంటాం, క్విజ్ కీ వాట్సాప్ గ్రూపులో రెడీగా ఉంటుంది. నేనూ చేశానా పని. సర్టిఫికెట్ ఫోన్లో భద్రంగా ఉంది, ఆ కోర్సులో ఏం చెప్పారని అడక్కండి.

ట్రైనింగ్ క్లాసులో మనిషి ఎదురుగా ఉంటాడు, డౌట్ వస్తే అడగొచ్చు. అయితే నేను వెళ్లినచోట నలభైమందికి ఒకే ప్యానెల్. శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ చకచకా నొక్కుకుంటూ పోయారు, మేం తలలూపాం, సాయంత్రం దాకా పెన్ను నా చేతికి రానేలేదు. స్కూటర్ నడపడం పక్కన నిలబడి చూస్తే వస్తుందా?

అసలు తేడా ఎక్కడుందంటే, నేర్చుకున్న రోజు కాదు, నాలుగు రోజుల తర్వాత క్లాసు మధ్యలో ఏదో ఆగిపోతుందే, అప్పుడు ఎవరిని అడుగుతాం అన్నదాంట్లో ఉంది. పదో తరగతికి విద్యుత్ పాఠం చెబుతూ ఫెట్ సిమ్యులేషన్‌లో, అంటే తెర మీదే ప్రయోగం చేసి చూపే ప్రోగ్రాంలో, బల్బుల్ని శ్రేణిలో, సమాంతరంగా కలిపి చూపిద్దామనుకున్నాను. సరిగ్గా అప్పుడే నెట్ పోయింది. తెర మీద చక్రం గిర్రున తిరుగుతోంది, వెనక బెంచీలో నవ్వులు మొదలయ్యాయి. పక్క క్లాసులోంచి లెక్కల మేడం వచ్చి, "ఇవి ముందే డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి మాస్టారూ, నెట్ లేకపోయినా నడుస్తాయి" అన్నారు. మర్నాడు లీజర్ పీరియడ్‌లో నా చేతే డౌన్‌లోడ్ చేయించారు, రెండుసార్లు తప్పు చేసినా మౌస్ మాత్రం లాక్కోలేదు. ఐదు నిమిషాల పని, ఇక మర్చిపోలేదు.

ఏఐ కూడా ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. దాన్ని ఇరవై బిట్లు అడిగితే క్షణంలో ఇచ్చింది, నేను మురిసిపోయాను. ఆవిడ పాఠ్యపుస్తకం తెరిచి ఒక్కొక్కటీ సరిచూడమన్నారు. రెండింటికి జవాబు తప్పు. ఆ రెండూ పిల్లల చేతికి వెళ్లుంటే నా పరువు ఏమయ్యేది!

పక్క టీచర్ దగ్గర నేర్చుకోవడంలోనూ లోటుంది. ఆవిడకి తెలిసినంతే మనకి వస్తుంది, ఆవిడ పొరపాట్లు కూడా మనకే. ఇక ఏకోపాధ్యాయ పాఠశాలలో పక్క టీచర్‌ని ఎక్కణ్ణుంచి తెస్తాం? అలాంటివాళ్లు చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో బాగా వచ్చినవాళ్లెవరో చూసుకుని నంబర్ తీసుకోండి, మొహమాటపడకండి. దీక్షా కోర్సు మాత్రం అందరూ చేయండి, కాకపోతే ఇద్దరు కలిసి కూర్చుని చేయండి, కీ చూడాలంటే అప్పుడు కాస్త సిగ్గేస్తుంది.

యూట్యూబ్ గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. చిన్న చిన్న వాటికి సరిపోతుంది. పిల్లల్ని అడగడం నామోషీ అనుకునేవాళ్లకి మాత్రం ఒక మాట: ప్యానెల్ తెరని రెండు భాగాలు చేయడం నాకు నేర్పింది తొమ్మిదో తరగతి కుర్రాడే.

మొన్నటి బదిలీల్లో మా లెక్కల మేడం వెళ్లిపోయారు. ఇప్పుడు ఏ గదిలో ప్యానెల్ మొరాయించినా నాకోసం కబురొస్తోంది. నేను గంభీరంగా వెళ్లి, వరండాలోకొచ్చి ఆవిడకి ఫోన్ చేస్తున్నాను.