ఏ డబ్బు కొండెక్కుతుంది? పెద్ద అప్పు, చిన్న గ్రాంటు, సొంత అడవి

ఒడిశా రాయగడ జిల్లా గుణుపురంలో మా ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండెక్కితే సగం సవర, సగం సైగలు. నా పని లెక్కలు రాయడం. సంఘాల క్యాష్‌బుక్కులు, ఓచర్లు, ఏడాది చివర ఆడిట్‌కి కాగితాలు సర్దిపెట్టడం. ఈ మధ్య పుట్టాసింగి వైపు ఒక ఊళ్లో రేకు పెట్టె ముందు కూర్చుని పాస్‌పుస్తకం చూస్తుంటే, సంఘం పెద్దమ్మ సూటిగా అడిగింది.

"బాబూ, గవర్నమెంటు ప్రాజెక్టు డబ్బు వస్తాదంటన్నారు. సంస్థ వోళ్లేమో విదేశీ డబ్బు తెస్తామంటన్నారు. రెండిట్లో మాకేది మేలు?"

"అమ్మా, రెండూ విదేశీ డబ్బే" అన్నాను.

నవ్వింది. మాట దాటేస్తున్నాననుకుంది. దాటేయలేదు, నిజమే చెప్పాను. ప్రభుత్వం బోర్డు పెట్టుకుని వచ్చే ప్రాజెక్టులో కొంత రోమ్ నుంచి వచ్చిన అప్పు ఉంటుంది. స్వచ్ఛంద సంస్థ తెచ్చేది గ్రాంటు, ఎవరూ తిరిగి కట్టనక్కర్లేదు. ఆ అప్పయినా కట్టేది ఊరు కాదు, సర్కారు. కాబట్టి అప్పా గ్రాంటా అన్నది ఆమెకు పెద్ద తేడా కాదు. ఆ డబ్బు ఎన్ని చేతులు దాటి వస్తుంది, ఏ నెలలో వస్తుంది, వద్దంటే ఆగుతుందా లేదా, ఆమెకు కావలసింది ఇదీ.

ముందు పెద్ద డబ్బు సంగతి. ఐక్యరాజ్యసమితికి చెందిన అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి, అందరూ ఐఫాడ్ అనే సంస్థ, 1977లో పుట్టింది, ఆఫీసు రోమ్‌లో. మా కొండలకు అది కొత్త కాదు. 1988లోనే, రాయగడ ఇంకా కొరాపుట్ జిల్లాలో భాగంగా ఉన్నప్పుడు, కాశీపూర్ బ్లాకులో దాని ప్రాజెక్టు మొదలైంది. తరవాత 2003 నుంచి 2016 దాకా కొరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి, నవరంగపూర్, కలహండి, కంధమాల్ జిల్లాల్లో ఓటెల్ప్ అనే గిరిజన జీవనోపాధి ప్రాజెక్టు నడిచింది. అందులో ఐఫాడ్‌తో పాటు బ్రిటన్ డబ్బు, ప్రపంచ ఆహార కార్యక్రమం సాయం కూడా ఉన్నాయి. 2016లో ఓపెలిప్ అనే ఇంకో ప్రాజెక్టు వచ్చింది. ఒడిశాలో ప్రత్యేకంగా బలహీన గిరిజన తెగలుగా గుర్తించిన 13 తెగల కోసం అది. మా లంజియా సవరలు, బిస్సంకటక్ వైపు డొంగరియా కోదులు, మల్కన్‌గిరి బొండాలు, దిదాయిలు అందరూ అందులో ఉన్నారు.

ఇంత పెద్ద డబ్బు ఒక్క పనిని బ్రహ్మాండంగా చేయగలదు. చిన్న డబ్బు వందేళ్లయినా ఆ పని చేయలేదు. అదేంటో చెప్పాలంటే కాశీపూర్‌కే వెళ్లాలి. ఒడిశాలో భూమి సర్వే చేసినప్పుడు కొండవాలు 10 డిగ్రీలు దాటితే కొలిచే గొలుసు ఆగిపోయేది. ఆ పైనున్నదంతా సర్కారు భూమి. మరి మన దగ్గర పోడు ఎక్కడ ఉంటుంది? చోళ్లు, సామలు, కందులు ఎక్కడ పండుతాయి? 10 డిగ్రీల పైనే కదా. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవాడు కాగితం మీద ఆక్రమణదారుడు. కాశీపూర్ ప్రాజెక్టులో సర్వేను 30 డిగ్రీల వాలు దాకా తీసుకెళ్లి పట్టాలిచ్చారు. ఆ పని సంతకం, ముద్ర ఉన్న రెవెన్యూ ఆఫీసే చేయాలి. ఎంత మంచి సంస్థయినా, ఎంత మంచి గ్రాంటయినా, పట్టా ఇవ్వలేదు. అప్పు తీసుకున్న సర్కారు చేత మాత్రం రోమ్ వాళ్లు ఒప్పందంలో రాయించుకోగలరు. పెద్ద అప్పును తిట్టేవాళ్లు ఈ ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచించాలని నా మనవి.

ఇక దాని జబ్బు. రోమ్ నుంచి ఢిల్లీ ఆర్థిక శాఖకు, అక్కడి నుంచి భువనేశ్వర్‌కు, అక్కడి నుంచి ఐటీడీఏకో మైక్రో ప్రాజెక్టుకో, చివరికి గ్రామాభివృద్ధి కమిటీ ఖాతాకు. ప్రతి మెట్టు మీద ఒక ప్లాను, ఒక బడ్జెట్, ఒక మార్చి 31. నేను లెక్కలు చూసిన ఒక ఊరికి ఒక ఆఫీసు (పేరు అనవసరం) పసుపు విత్తనం డబ్బు సెప్టెంబరులో విడుదల చేసింది. పసుపు పెట్టేది తొలకరి వానలకు. ఆ సెప్టెంబరులో విత్తనపు కొమ్ము కొని ఏం చేసుకుంటారు? వండుకు తినాలి. డబ్బు వెనక్కి పోకూడదని ఆ పద్దు కింద తార్పాలిన్లు కొనిపించారు. ఓచర్లు నేనే రాశాను. ఆ ఏడాది ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం రాలేదు. అంత చక్కగా ఉన్నాయి కాగితాలు.

భాగస్వామ్యం అనే మాట ఈ ప్రాజెక్టు పత్రాల్లో పేజీకి నాలుగుసార్లు కనిపిస్తుంది. 2009లో ఆదివాసుల విషయంలో ఐఫాడ్ ఒక విధానమే తెచ్చింది. ముందుగా, స్వేచ్ఛగా, అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి ఉండాలని అందులో ఉంది. మంచి మాట. కొండ మీదికి వచ్చేసరికి అది ఒక తీర్మానం పుస్తకం అవుతుంది. నీలిరంగు అట్ట, ఒడియా అక్షరాలు. మీటింగ్‌కి ముందే సగం పేజీ రాసి ఉంటుంది. సవర తప్ప మరో భాష రాని ఆడవాళ్లు వరసలో వచ్చి ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు అద్ది, వేలిముద్ర వేసి, వేలు గోడకి తుడుచుకుని వెళ్లిపోతారు. చాలా ఊళ్లలో సంఘం ఇంటి గోడ మీద కనిపించే ఊదారంగు మరకలు అవే. పర్లాకిమిడిలో కూర్చుని గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. వందేళ్లు కావస్తోంది. సమ్మతి పత్రం మాత్రం ఇప్పటికీ ఆ భాషలో ఎవరూ చదివి వినిపించరు.

చిన్న గ్రాంటు దగ్గర ఈ తంతు తక్కువ. అదే ఐఫాడ్‌లో ఆదివాసుల కోసం ప్రత్యేకంగా ఒక చిన్న సహాయ నిధి ఉంది. 2003లో ప్రపంచ బ్యాంకు మొదలుపెట్టింది, 2006లో ఐఫాడ్ చేతికి వచ్చింది. మొదటి విడతల్లో ఒక్కో ప్రాజెక్టుకు 20 వేల నుంచి 50 వేల డాలర్లు. 50 వేల డాలర్లంటే నేటి లెక్కన 40 లక్షలు దాటుతుంది, ఒక ఊరికి తక్కువేం కాదు. 1992 నుంచి నడుస్తున్న ప్రపంచ పర్యావరణ నిధివారి చిన్న గ్రాంట్లు కూడా చాలాకాలం 50 వేల డాలర్ల హద్దులోనే ఉన్నాయి. వీటి అందం ఏంటంటే, ఏం చేయాలో ఊరే రాసుకోవచ్చు. పాత చోళ్ల రకాలు దాచుకునే విత్తన కొట్టు, అడవి సరిహద్దు పటం, అడ్డాకులు కుట్టే మిషన్లు. పెద్ద ప్రాజెక్టులో ఇలాంటివి అడిగితే "గైడ్‌లైన్‌లో లేదు" అంటారు. ఇక్కడ గైడ్‌లైనే మీది.

అయితే ముందు దొరకాలి. ప్రపంచమంతటి నుంచి ఒక విడతలో వెయ్యికి పైగా అర్జీలు వచ్చిన సందర్భాలున్నాయి, ఎంపికైనవి పదుల్లోనే. అర్జీ పై సంస్థలకు అర్థమయ్యే భాషలో పెట్టాలి, మా దగ్గర అంటే ఇంగ్లీషులో. పెద్దమ్మ ఊళ్లో ఇంగ్లీషు వచ్చినవాడు ఒక్కడే, వాడు ఇంటర్ ఫెయిలై కేరళలో ఉన్నాడు.

దొరికిందే అనుకుందాం. అప్పుడు మన చట్టం దగ్గర ఆగుతుంది. ఐక్యరాజ్యసమితి సంస్థలు నేరుగా చేతికిచ్చే డబ్బు వేరు; మధ్యలో మరో విదేశీ సంస్థ చేతుల మీదుగా వచ్చేదైనా, ఇంకే విదేశీ విరాళమైనా విదేశీ విరాళాల చట్టం కింద నమోదు లేకుండా మామూలుగా ఒక్క డాలరు తీసుకోకూడదు. నమోదుకు సంస్థకి కనీసం మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో కనీసం 15 లక్షలు తన ఆశయాల మీద ఖర్చుపెట్టిన లెక్క ఉండాలి. కొండ మీది పల్లిసభకు, అంటే ఊరి గ్రామసభకు, ఆ లెక్క ఎక్కడి నుంచి వస్తుంది? ముందస్తు అనుమతి అని ఇంకో దారి ఉంది, అదీ రిజిస్టరైన సంస్థకే. 2020 వరకు ఒక ఏర్పాటుండేది. నమోదున్న పెద్ద సంస్థ డబ్బు తెచ్చి చిన్న సంఘాలకు పంచేది. 2020 సవరణతో ఆ పంపకం బంద్. ఎవరికి వచ్చిందో వాళ్లే ఖర్చుపెట్టాలి. డబ్బు దిగేది ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే. ఆఫీసు ఖర్చులు 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. నాబోటి లెక్కల మనిషి జీతం ఆ 20లోదే, కాబట్టి ఈ పేరాలో నా కడుపుమంట కూడా కొంత కలిసిందని ఒప్పుకుంటాను.

దీనివల్ల ఏమైందంటే, పేరుకి గ్రాంటు ఊరిది, ఖాతా సంస్థది. ఊరివాళ్లు మళ్లీ "లబ్ధిదారులే". ఒక సంస్థకు ఐదేళ్ల నమోదు గడువు ముగిసింది, కొత్తది రాలేదు. చింతపండు నిల్వకని మొదలుపెట్టిన షెడ్డు పునాది మీదే ఆగింది. అందులో ఇప్పుడు మేకలు కట్టేస్తున్నారు. తూకం మిషన్ మాత్రం మా ఇంట్లో ఉంది, ఎవరికి అప్పజెప్పాలో తెలియక. ఇది మన ఒక్క దేశం గోల కూడా కాదు. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో ఆదివాసుల భూమి హక్కులకని 170 కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. మొదటి ఏడాది ఇచ్చిన దాంట్లో నేరుగా ఆదివాసీ సంఘాల చేతికి వెళ్లింది 7 శాతమని దాతలే రాసుకున్నారు.

మరి మూడో దారి? గడ్చిరోలిలో ఉంది. సిరొంచ వైపు మన తెలుగువాళ్లకు ఆ జిల్లా బాగా తెలుసు. ధానోరా తాలూకాలో మేంఢా లేఖా అనే గోండు ఊరు 2009లో అటవీ హక్కుల చట్టం కింద సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పొందింది. 2011లో వెదురు రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. వెదురు ఎవరికి అమ్మాలో, ఎంతకో వాళ్లే తేల్చుకున్నారు. డబ్బు గ్రామసభ ఖాతాలో పడింది. రోమ్ లేదు, ఢిల్లీ శాఖ లేదు. మన నియమగిరిలో 2013 జులై, ఆగస్టుల్లో 12 పల్లిసభలు బాక్సైట్ గని వద్దని చెప్పింది కూడా ఈ చట్టం బలంతోనే, సుప్రీంకోర్టు చెప్పినమీదటే. వద్దనగలగడం కంటే పెద్ద భాగస్వామ్యం నేనైతే ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ చూడలేదు.

అలాగని అన్ని ఊళ్లూ మేంఢా కాలేవు. మేంఢాకి వెదురుంది. మా పెద్దమ్మ కొండ మీద అడ్డాకు, చింత, జీడి, కొండచీపుర్లు. వాటి బేరం చాలావరకు ఇంకా సాహుకార్ల చేతిలోనే ఉంది. వాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు, అది వేరే కథ. పైగా సామూహిక హక్కు వస్తే మంచినీళ్ల పైపు రాదు, రోడ్డు రాదు.

అందుకని పెద్దమ్మకు చివరికి నేను చెప్పింది ఇది. సంస్థ వాళ్లు వస్తే షెడ్లు, మిషన్లు అడగొద్దు. అడవి హక్కు ఫారం నింపడానికి సాయం అడగండి. జీపీఎస్‌తో హద్దులు నడవడం, ముసలివాళ్ల వాంగ్మూలాలు రాసుకోవడం, జిరాక్సులు, గుణుపురం దాకా జీపు ఖర్చు. చిన్న డబ్బుకి సరిపోయే పని అది, మధ్యలో గ్రాంటు ఆగినా హద్దుల పటం మేకల పాలు కాదు. ఆ కాగితం చేతికొచ్చాక ప్రభుత్వ ప్రాజెక్టును రానివ్వండి. చెరువు, పైపు, కొండవాలు భూమికి పట్టా, అవి దాని పనులు. అప్పుడు కూడా తీర్మానం ముందే రాసుకొస్తే వేలిముద్ర వేయొద్దు, సవరలో చదివి చెప్పమనండి. ముందు ప్రాజెక్టు, తరవాత హక్కు అంటే కుదరదా అంటే కుదురుతుంది. కానీ తమది కాని అడవిలో కట్టిన చెక్‌డ్యామ్‌కి ఫారెస్టువాళ్లు నోటీసిస్తే ఎవరిని అడుగుతారు?

ఆమె అంతా విని, "ఆ పారం నీకాడుందా?" అంది.

ఉంది. సంచిలో 'సి' ఫారం రెండు కాపీలు, ఒకటి వానకి తడిసి ముద్దయింది. బాగున్నది ఇచ్చాను. గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి అని చెబితే, "ఆడోళ్లకేటి, మేం అందరం ఉంటాం. మగోళ్లే కేరళెలిపోనారు" అంది. అడవి హక్కుల కమిటీ సెక్రటరీ కూడా అక్కడే ఉన్నాడట, ఇటికల బట్టీలో. వానలు మొదలయ్యేలోగా వస్తాడు. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి, రేకు పెట్టెలో పాస్‌పుస్తకం కింద పెట్టి తాళం వేసింది.